నల్ల పెట్టె, తెల్ల పెట్టె, బావ

జూన్ 2, సోమవారం

కొట్టుకి సెలవు. సెలవు రోజున నేనూ మా అక్క మొగుడూ కలిసి చేసే పని ఒకటే, కొట్లాట. వీడియో గేమ్ పెట్టెలు బాగు చేసి అమ్మే కొట్టు మాది. రెండు టీవీలు పక్కపక్కన పెడతాం. ఒకదాని కింద నల్ల పెట్టె, రెండోదాని కింద తెల్లది. రెండింట్లోనూ ఒకటే కారు రేసు, దానంతటదే నడిచే డెమో. నేను నల్లదాని తరఫు, బావ తెల్లదాని తరఫు. సెలవని తెలీక, ఏది కొనాలో అడగడానికి వచ్చినవాళ్లు మా అరుపులు విని ఏదీ కొనకుండా పోతారు.

తేడా ఇంతే. నల్లదాంట్లో మెమరీ బోలెడు, కానీ గ్రాఫిక్స్ చిప్‌కి దూరం. సామాన్ల గది పెద్దదే, పొయ్యి దగ్గర్నుంచి మాటిమాటికీ లేచి వెళ్లాలి. తెల్లదాంట్లో చిప్ పక్కనే చిన్న గూడు, చెయ్యి చాపితే అందుతుంది. అందుకే బొమ్మ అంచులు నున్నగా దిద్దుతుంది. కానీ ఆ గూట్లో బొమ్మ మొత్తం పట్టదు, ముక్కలుగా గీసి అతికించాలి. పెద్ద బొమ్మ అడిగితే నీళ్లు నములుతుంది. నల్లది పెద్ద బొమ్మే గీస్తుంది, అంచులు మాత్రం రంపపు పళ్లు. పైగా వేడెక్కి ఫ్యాన్ ఏడుస్తుంది. ఈ తెలివి నాది కాదు. బడి గోడ దూకి పారిపోయినవాణ్ని, బావ చెప్పగా చెప్పగా ఒంటబట్టింది.

ఇవాళ బావ టీకి వెళ్లగానే వెనక కేబుళ్లు తారుమారు చేశాను. పెట్టెలు ఎక్కడివక్కడే, బొమ్మలు అటుది ఇటు, ఇటుది అటు. బావ వచ్చి కూర్చుని, నల్ల పెట్టె పైనున్న టీవీకేసి చెయ్యి ఊపి, చూడరా నీ దాని అంచులు, కట్టెలు కోయొచ్చు అన్నాడు. ఆ టీవీలో ఉన్నది ఆయనగారి తెల్లది. నవ్వు బిగబట్టేసరికి డొక్కలు నొప్పెట్టాయి. ఇది ఇంట్లో దాచుకునే సరుకు కాదు. జనం ముందు పెట్టాలి.

జూన్ 7, శనివారం

పెట్టాను. కొట్టు నిండా జనం. ఎదురు షాపు టైలర్, ఇద్దరు డ్రైవర్లు, ఒక కాలేజీ గుంపు. ఆ నున్నదనం చూడండయ్యా అని బావ రంపపు పళ్లకేసి చెయ్యి చూపిస్తున్నాడు. కాలేజీ గుంపు మొహమొహాలు చూసుకుంది. అప్పుడు టీవీలు తిప్పి కేబుళ్లు చూపించాను. టైలర్ నవ్వి నవ్వి స్టూలు మీంచి జారాడు. బావని అందరూ భూతద్దం అంటారు, చుక్కంత తప్పు కూడా పట్టేస్తాడని. భూతద్దం పగిలిపోయిందిరోయ్ అన్నాను. బావ కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా, నవ్వులు ఎటు నుంచి వస్తున్నాయో విని, అటు తిరిగి.

జూన్ 8, ఆదివారం

అక్క ఫోన్. మీ బావ అన్నం ముట్టలేదు, ఏమన్నావురా అంది. జోకేశానన్నాను.

జూన్ 10, మంగళవారం

ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను, నిజంగానే పోల్చుకోలేదా బావా అని. బావ కాలుతున్న సోల్డరింగ్ ఐరన్‌ని స్టాండులో పెట్టబోయి బల్ల మీద పెట్టాడు. నెలల తరబడి బొమ్మ కనబడట్లేదురా అన్నాడు. మధ్యలో అంతా మసకట, నలిపిన కాగితంలా ఉంటుందట. మరి ఇన్నాళ్లూ ఎలా చెప్పావన్నాను. ఫ్యాన్ వింటాను, ఎక్కువ ఏడ్చేది నీది, దాని పైనున్న టీవీని తిట్టేస్తే సరిపోయేది, నువ్వు కేబుళ్లు మార్చావు గానీ ఫ్యాన్ మార్చలేదు కదా అన్నాడు. నవ్వుతూనే చెప్పాడు. బల్ల కాలిన వాసన వచ్చేదాకా ఇద్దరం కదల్లేదు.

సన్న పనులన్నీ ఈ మధ్య నాకే ఇస్తున్నాడు, నీ చెయ్యి తిరిగిందిరా అంటూ. మెచ్చుకుంటున్నాడనుకుని పొంగిపోయాను. వెధవని.

జూన్ 13, శుక్రవారం, మధ్యాహ్నం

అక్కా నేనూ బావని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. షుగర్ కంటి వెనక పొరని తినేసిందంది డాక్టరమ్మ. పోయింది తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టడానికి సూదులు వేస్తాం, మాట మాత్రం ఇవ్వలేనంది. రోజంతా పక్కనే కూర్చునే మీకైనా తెలియలేదా అని నన్నడిగింది. నా నోటికి ఎవరూ ఎదురు నిలవలేరని పేరు. అక్కడ మందుల చీటీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను. అక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 21, శనివారం

టైలర్ వచ్చాడు, మా తమ్ముణ్ని తెచ్చాను, భూతద్దాన్ని ఇంకోసారి ఆడించవయ్యా అంటూ. వీళ్లకి ఈ ఆట నేర్పింది నేనే. నీ కత్తెర పని నువ్వు చూసుకో అని వాకిట్లోంచే పంపేశాను. లోపల్నుంచి బావ, రానీరా, నవ్వుకుని పోతారు అన్నాడు.

జూన్ 30, సోమవారం

సెలవు. పెట్టెలు ఆన్ చేయలేదు.

జూలై 7, సోమవారం

రారా కొట్లాడుదాం, బొమ్మలు నువ్వు చూసి చెప్పు, చాలు అన్నాడు బావ. రేసు పెట్టాను. తెల్లదే బాగుంది బావా అన్నాను.

ఫ్యాన్ ఏడుస్తున్నవైపు తల తిప్పాడు బావ. నువ్వు కూడా ఒప్పేసుకున్నావంటే, నా పని అంతగా అయిపోయిందన్నమాట అన్నాడు.