ఇరవై మీటర్ల తీగ, ఆదివారం గడువు

నవంబర్ 2, సోమవారం
ఉదయం 6.40. నిర్ణయం తీసుకున్నాను. గాలివానకి తెగిపోయిన నా హామ్ రేడియో యాంటెన్నా స్థానంలో కొత్తది నేనే కడతాను. కొన్నది వాడను. ఎవరి సాయమూ అడగను. గడువు: ఆదివారం ఉదయం ఏడు.

కవరత్తి దీవిలో కోయాకి అదే ఆఖరి ఆదివారం. ఇరవై రెండేళ్లుగా రోజూ ఉదయం ఏడు కొట్టగానే రేడియోలో "ఔసేప్పూ, లేచావా?" అని అడిగే మనిషి. సోమవారం ఓడెక్కి కొచ్చిలో కూతురి ఫ్లాటుకి వెళ్లిపోతున్నాడు. పదకొండో అంతస్తు. అక్కడ యాంటెన్నాలు కట్టనివ్వరట.

"ఫోన్ చేసుకోవచ్చుగా?" అంది నా భార్య ఏలిక్కుట్టి.

ఫోన్‌లో ఎవరైనా మాట్లాడతారు.

కావలసినవి: ఇరవై మీటర్ల రాగి తీగ, ఆ తీగకీ సెట్‌కీ జత కుదిర్చే ఒక ఫెరైట్ రింగు, ఎత్తైన కొబ్బరిచెట్టు. మూడూ ఉన్నాయి. రేపటికల్లా అయిపోతుంది!

నవంబర్ 3
రింగుకి తీగ చుట్టాను. ఒకవైపు రెండు చుట్లు, రెండోవైపు పద్నాలుగు ఉండాలి. లెక్కపెడితే పదమూడు. విప్పాను. ఈసారి పదిహేను. విప్పాను. మధ్యాహ్నం కర్రపెండలం, చేపల పులుసు. నిద్ర.

నవంబర్ 5
నిన్న వాన. ఇవాళ వాన లేదు, కానీ వచ్చేలా ఉంది.

సాయంత్రం బామ్మర్ది కురియన్ వచ్చాడు. వాడిదీ ఇదే పిచ్చి, కాకపోతే కొన్న యాంటెన్నా.

"బావా, కొనేస్తే అరగంటలో పనైపోయేది కదా."

"మరి మిగతా వారమంతా నేనేం చేయాలిరా?"

నవంబర్ 6
కొబ్బరికాయలు దించే వాసు చెట్టెక్కి తీగ కొస కట్టాడు. ఇది సాయం కిందికి రాదు. ఎలాగూ కాయల కోసం ఎక్కాడు. చెట్టుకి కాయలు లేకపోవడం వేరే సంగతి.

మధ్యాహ్నం సెట్‌ను డమ్మీ లోడ్‌కి తగిలించి పరీక్షించాను. నూనె పోసిన రేకు డబ్బా అది, లోపల ఒక రెసిస్టర్. సెట్ పంపిన పవరంతా మింగేసి, ఆకాశంలోకి ఏమీ పోనివ్వదు. సెట్ భేషుగ్గా ఉంది.

నవంబర్ 7, శనివారం
సాయంత్రం 5.10. యాంటెన్నా కేబుల్ తగిలించి మీటరు చూశాను. ఒకటికి ఒకటి! పంపిన పవర్ పిసరంత కూడా వెనక్కి రాలేదు. తీగ కత్తిరించి సరిచేసే పనే పడలేదు. ముప్ఫై ఏళ్లలో ఇలాంటి అంకె చూడలేదు. రొద కూడా లేదు. బ్యాండంతా ప్రశాంతంగా ఉంది.

రెండు వీధుల అవతలున్న కురియన్‌ని పిలిచాను. "ఫైవ్ నైన్, బావా!" అన్నాడు. అంతకన్నా బాగా వినపడటమనేది లేదు.

నవంబర్ 8, ఆదివారం
7.00. కోయాని పిలిచాను.
7.05. పిలిచాను.
7.20. కురియన్ తప్ప ఎవరూ లేరు.
7.40. సూర్యుడి మీద మంటలు లేచి సిగ్నళ్లు చెడగొట్టి ఉంటాయి.
7.55. కోయా సామాను సర్దుకుంటున్నాడేమో. ఒక మాట చెప్పి సర్దుకోవచ్చుగా.
8.10. ఇరవై రెండేళ్ల స్నేహం ఇదా? కోపం వచ్చింది.
8.30. ఏలిక్కుట్టి చీపురుతో వచ్చింది. "ఏమండీ, బల్ల కింద ఈ డబ్బా కాలిపోతోంది. ఇందులో ఏం వండుతున్నారు?"

వంగి చూశాను. రెండు కేబుళ్లూ నల్లవే. నేను తగిలించింది డబ్బాది. యాంటెన్నాది కిటికీ దగ్గర ఊరికే వేలాడుతోంది. డబ్బా నుంచి కారిన పిసరంతే రెండు వీధులు దాటి కురియన్ దాకా పోయినట్టుంది.

8.34. కేబుల్ మార్చాను. దేశమంతా మాట్లాడుతోంది. కోయా లేడు.

నవంబర్ 9
రేడియో గదికి తాళం వేశాను. ఇక ఈ పని మానేశాను. కోయాకి ఫోన్ చేయడానికి ముఖం చెల్లలేదు.

నవంబర్ 12
కోయాయే కొచ్చి నుంచి ఫోన్ చేశాడు.

"ఔసేప్పూ, ఆదివారం ఎనిమిదిన్నర దాకా నిన్నే పిలుస్తూ కూర్చున్నాను. నీకేమైనా అయిందేమోనని హడలిపోయాను."

డబ్బా సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వాడు. నేను కేబుల్ మార్చింది 8.34కి అని మాత్రం చెప్పలేదు.

"ఇక్కడ కూడా పొద్దున్నే మెలకువ వచ్చేస్తోంది" అన్నాడు. "ఏడింటికి ఏం చేయాలో తెలియడం లేదురా. సెట్ పెట్టెలోనే ఉంది."

నాకు ఏడుపొచ్చింది. ఫోన్ పెట్టేశాను.

నవంబర్ 13, శుక్రవారం
ఉదయం 6.40. నిర్ణయం తీసుకున్నాను. కోయా బాల్కనీ నుంచి సన్నటి తీగ గోడవారగా వదిలితే కింద ఎవరికీ కనిపించదు. ఇంకో రింగు చుట్టాను. పద్నాలుగు. మూడుసార్లు లెక్కపెట్టాను. రేపు కొచ్చి వెళ్లి కట్టి, రాత్రికి ఇంటికొచ్చి, ఎల్లుండి ఏడింటికి పిలుస్తాను.

కోయాకి చెప్పాను.

"ఫ్లాట్ల సెక్రటరీ చూస్తే?"

"బట్టల తాడు అని చెప్పు."

"ఇరవై మీటర్లా? ఎవరి బట్టలురా అన్ని?"

"అది సెక్రటరీ అడిగినప్పుడు ఆలోచిద్దాం."

అవతల పెట్టె మూత తెరిచిన చప్పుడు. తర్వాత మెల్లగా అడిగాడు: "బస్సు ఎన్నింటికి దిగుతావు?"