బూట్లొచ్చాయి, నౌకరీ ఉంది

గోదావరిఖని

అవ్వా, దండాలు. ఎవరేం చెప్పినా నా నౌకరీ పోలేదు, ఫికర్ పడకు.

కాంట్రాక్టరు మాకు బూట్లివ్వడం లేదని గని గేట్ మీటింగులో మైకు గుంజుకుని, "రేపు అందరం సెలవు పెడదాం!" అని అరిచాను. యూనియన్ సామ్యేల్ కాక నా చెయ్యి పట్టుకుని, "ఆగుర! కొత్త చట్టంల సగం మంది ఒక్కసారే సెలవు పెట్టినా సమ్మె కిందికే వస్తది. ముందుగాల సమ్మె నోటీసియ్యాలె, లేకుంటే నౌకరీ పోతది. నువ్వు పంచే కరపత్రాలల్ల గది రాయలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. కోపం మింగి నోటీసు మీద మొదటి సంతకం నేనే చేశాను. నోటీసు గడువు నిండకముందే బూట్లొచ్చాయి!

చెల్లె సంతోషి పరీక్షలు ఎట్ల రాసింది? మామిడికాయ తొక్కు ఇంకా ఉందా?

యూనియన్‌కు దూరంగా ఉండమన్నావు. నాతో పనిచేసేవాళ్లేమో తమ తరఫున ఇకనుంచి నన్నే మాట్లాడమన్నారు, సరేనన్నాను. ఆదివారం వస్తాను, అన్నం పెట్టి తిట్టు.

నాయినకు నా దండాలు చెప్పు.

నీ కొడుకు జగదీశ్వర్