ప్లైవుడ్ మీద గురువు చెయ్యి

నాగజ్యోతక్కా,

మీ నాయనకు చెవులు పూర్తిగా పోయినాయని, వచ్చే నెల రాయచోటికి పిల్చుకోని పోతానని ఫోన్లో అంటివి. అందుకే రాస్తాండా.

మాకు చెక్కభజన నేర్పిన గురువు, మీ నాయన, రెండేండ్లుగా భజన కాడికే రాకుండా ఇంట్లో కూర్చుంటే మాకు మాత్రం బాగుంటాదా? ఎక్సైటర్ అని ఒకటి తెప్పించినా. అరచేతిలో పట్టేంత ఉంటాది, దేనికి అంటిస్తే అదే స్పీకరై మోగుతాది, చెయ్యి ఆనిస్తే ఆ అదురు తెలుస్తాది. మనూర్లో గోడ, గూడు, అరుగు అన్నీ నాపబండలే కదా, మొదట బండకే అంటించినా. అంత బరువును అదేం కదిలిస్తాది? కుయ్యిమన్లేదు. ఊరంతా నవ్వినారు. నాకు రోషమొచ్చి, పల్చటి ప్లైవుడ్ పలకకు అంటించి దూలానికి యాలాడదీసినా.

మేం పన్నెండుమంది చెక్కలు కొడతా పాడింది ఫోన్లో రికార్డు చేసి, ఈ పొద్దున దాంట్లో పెట్టినా. గురువు చెయ్యి పట్టి పలక మీద ఆనించినా. కొంచేపటికి ఆయన కాలు తాళం వేసింది. ఉన్నట్టుండి కండ్లు ఎర్రజేసి, "ఎవడ్రా వాడు, ప్రతి దెబ్బకూ వెనకబడతాండాడు? రేప్పొద్దున నా ముందుకు తీసకరాండి!" అని అరిచినాడు.

ఆ వెనకబడేది నేనేనక్కా. రెండేండ్లుగా నన్ను తిట్టేవాళ్లే లేకపాయ.

నువ్వు రా, నీక్కూడా చూపిస్తా. ఆయన బట్టలు మాత్రం సర్దొద్దు. నా తాళం కుదిరేదానికి ఇంకా శానా రోజులు పట్టేట్టుండాది.

ఇట్లు,
మీ నాయన శిష్యుడు