కొరివి దయ్యం ఆఖరి సీను

ఆదివారం, రాత్రి

మా ఆడియో నాటకం ఈరోజుతో పూర్తి కావాల్సింది. ఇంటి పక్కనే ఉన్న ఉప్పుగూడ స్టేషన్ రైళ్ల చప్పుడు పడకుండా మధ్యాహ్నం అమ్మా నేనూ దుప్పటి కప్పుకుని ఫోన్‌లో రికార్డు చేశాం. పొలాల్లో రాత్రిళ్లు మండుతూ తిరిగే కొరివి దయ్యం నిజానికి ఒక యంత్రమనీ, కూలీలను బెదిరించడానికి దొరే దాన్ని నడుపుతున్నాడనీ ముసలమ్మ పాత్రలో అమ్మ చెప్పాలి. ఆ మాట దగ్గరే మళ్లీ మళ్లీ ఆగిపోయింది. హేతువాద సంఘం కరపత్రాల్లో చదివినవన్నీ ఆమె మీద అరిచాను. "ఇంకెన్నేండ్లమ్మా గీ మూఢనమ్మకాలు?"

"లొల్లి చెయ్యకు రా. కూలి పెంచమని మీ మామ మా ఊరి దొరను అడిగిండు. గా వారంలనే పొలంల కాలిపోయిండు. కొరివి దయ్యం పని అన్నరు. నేనూ గదే నమ్మి ఊకున్న."

ఇది నాకు ఇంతవరకూ తెలియదు. అమ్మ దుప్పటి తోసేసింది.

"దయ్యం లేదంటివి గదా. మరి మా అన్నను కాల్చిందెవలు?"

నేను ఫోన్‌లో రికార్డింగ్ ఆపేశాను.

"దొర ఇంకా బతికే ఉన్నడు. పొద్దుగాల బస్సుకు ఊరికి పోయి అడుగుదాం. నువ్వు నా పక్కన నిలబడు."

నాటకం చివర దొరను నిలదీసే సీను రాసింది నేనే. అమ్మ సంచి సర్దేసి పడుకుంది. నేను మాత్రం ఇంకా నా సంచి తీయలేదు.