గేటు ఎందుకు వణికింది

డెల్ఫ్ట్,
6 నవంబరు 1994.

తమ్ముడు వీబేకు,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నా కూతురు మారిటూ క్షేమం. క్షేమమంటే జ్వరాలు లేవు, ఉద్యోగం ఉంది, గది వెచ్చగా ఉంది. అంతకు మించి చెప్పే ఓపిక లేదు. నువ్వూ, మరదలు హిస్కే, నీ మోకాలూ ఎలా ఉన్నారు?

నీ ఉత్తరం మంగళవారం అందింది. నా దగ్గు తగ్గింది. పక్కింటాయనతో సైకిళ్ళ గొడవ తగ్గలేదు, తగ్గనివ్వను కూడా. హిస్కే పంపిన రై రొట్టె మారిట్ ఒక్కతే తినేసింది. యూనియన్ పత్రికలో నా వ్యాసం చూసి, తిట్టకుండా ఒక్క వాక్యమైనా పూర్తి చెయ్యగలవా అని అడిగావు. చెయ్యలేను. లాకుల దగ్గర గేట్లు ఎత్తి దించే ముగ్గురు లస్కర్ల పని నీ ఒక్కడి మెడకు చుట్టి, మిగతా ఇద్దరినీ ఇంటికి పంపినవాళ్ళ గురించి ఇంకెలా రాయాలి?

ఇక అసలు ప్రశ్న. సముద్రం వైపు కొత్త గేటు జానెడు ఎత్తగానే వణుకుతోందని నువ్వు మీ కార్యాలయానికి మూడుసార్లు రాశావు. వాళ్ళు చూడటానికి వచ్చిన రోజున నీళ్ళు తక్కువ. గేటు బుద్ధిగా నిలబడింది. దాంతో చక్రాల ఇరుసులకు నువ్వు గ్రీజు సరిగా పెట్టడం లేదని తేల్చి, గురువారం విచారణకు రమ్మన్నారు. నువ్వేమో, "గేటు వణకదని నీ నివేదికలోనే ఉందట. నేనెక్కడ తప్పు చేస్తున్నానో చదివి చెప్పు అక్కా" అని రాశావు.

ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. పాతికేళ్ళుగా లాకుల ఇనుమును పట్టి చూస్తున్నవాడు తన అరచేతినే అనుమానిస్తున్నాడు. గేటు నిలబడితే గొప్ప కంప్యూటరుది, వణికితే తప్పు లస్కరుది. ఇదేం న్యాయం?

ఆ గేటు పెట్టకముందు మా ఆఫీసులో నేను రాసిన ఆ నివేదిక ఎలా తయారైందో విను. గేటు కింద దూకే నీటిని కంప్యూటరులో చిన్న చిన్న గళ్ళుగా కోస్తాం. ప్రతి గడిలో నీటి వేగమెంతో, ఒత్తిడెంతో లెక్కకట్టి, సెకనులో వెయ్యోవంతు ముందుకు జరిగి, మళ్ళీ లెక్కకడతాం. గేటును కాస్త కదిపి వదిలేస్తాం. ఆ కదలిక చల్లారితే గేటు స్థిరం, పెరుగుతూ పోతే ప్రమాదం. చిక్కేమిటంటే, మా లెక్కలో లోపమున్నా అంకెలు అలాగే పెరిగిపోతాయి. అప్పుడు లెక్క చెడిందని, ఊపును అణచే అంకె ఒకటి కలుపుతాం. అందరూ చేసేదే. చెడింది నిజంగా లెక్కే అయితే అందులో తప్పు లేదు.

రెండేళ్ళ కిందట జానెడు ఎత్తు దగ్గర నా లెక్క చెడింది. ఆ రోజు బుధవారం. శుక్రవారం నివేదిక ఇవ్వాల్సిన సమావేశం. మా ఆఫీసు పెద్దాయన స్టావెర్మన్ కాఫీ కప్పుతో వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"దానికో నిద్రమాత్ర వెయ్యి ఫెమ్కె. శుక్రవారం దాకా పడుకుంటే చాలు."

"గేటుకూ మీరే వేస్తారా?" అన్నాను.

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంతవరకూ మొన్న యూనియన్ వాళ్ళకు చెప్పాను. పైవాళ్ళు తొందరపెట్టారు, ఉద్యోగి లొంగింది. ఇంకో వ్యాసానికి సరిపోతుంది. వాళ్ళకు చెప్పనిది నీకు రాస్తున్నాను.

లోపం లెక్కదా, నీటిదా అని తేల్చే పరీక్ష ఒకటుంది. ఒక్కోసారి ముందుకు జరిగే ఆ వెయ్యోవంతు కాలాన్ని సగానికి తగ్గించి లెక్కను మళ్ళీ నడపాలి. లెక్కదైతే పెరుగుదల మారిపోతుంది. నీటిదైతే మారదు. మర్నాడు గురువారం పొద్దున్నే, ఎవరూ చెప్పకుండానే, నేనది చేశాను. సగం చేశాను. అందులోనూ సగం చేశాను. అదే పెరుగుదల. సెకనుకు నాలుగుసార్లు వణుకు, నువ్విప్పుడు లెక్కపెట్టి రాసినన్నిసార్లు. ఆ కాగితాలు సొరుగులో పెట్టి, అణచే అంకె కలిపి, సంతకం చేశాను.

పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి నివేదిక మీద నా పేరు ముందుంది వీబే. గడువు అడిగితే పని ఇంకొకడి చేతికి పోతుందనుకున్నాను. ఇంతకాలం నేను తిట్టినవాళ్ళు కూడా ఇలాగే ఏదో ఒక గురువారం ఒక సొరుగు మూసి ఉంటారు.

మొన్న శుక్రవారం ఆ కాగితాలు స్టావెర్మన్ బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు తీసి తుడిచాడు.

"అడిగి ఉంటే వారం ఇచ్చేవాణ్ణి," అన్నాడు.

నిజమో కాదో తెలియదు. ఈసారి మాత్రం అతన్ని తిట్టలేదు.

నీ గ్రీజులో ఏ లోపమూ లేదు. ఇకనుంచి గేటును జానెడు దగ్గర ఆపకు, దాని మీది పలక ఎక్కకు, ఎవరినీ ఎక్కనివ్వకు. దీనితో ఆ లెక్కల కాగితాలూ, నేను సంతకం చేసిన వాంగ్మూలమూ పంపుతున్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వాళ్ళిష్టం. గురువారం విచారణలో ఆ వాంగ్మూలం నువ్వే నిలబడి చదువు. నేను నీకేమవుతానని ఎవరైనా అడిగితే చెప్పు. నా పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించకు.

ఇట్లు,
నీ అక్క
ఫెమ్కె