నీటి పురుగులు క్షేమం

రేపల్లె,
సోమవారం.

కీర్తన మేడమ్ గారికి,

బాపట్ల నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. మా గుంటలో మీ నీటి పురుగులు క్షేమం. నిన్న పదకొండు కనిపించాయి.

పురుగు అంతరించిపోతోందని అందరికీ తెలుసుననీ, గట్టు మీది చిన్న ఎలుక గురించి మాత్రం ఎవరికీ ఏమీ తెలియదనీ, రెండింటినీ పోల్చాలనీ రాశారు. నాకు తెలుసు. పురుగు నా జోలికి రాలేదు. ఎలుక నా వరి తినేసింది. పోలిక అంతే.

నీళ్లలో మందు పడకూడదని మీరన్నారు కాబట్టి పిచికారీ మానేశాను. వడ్లకు మందు పట్టించి గట్టు కన్నాల్లో పోశాను. ఎవరికీ చెప్పలేదు. ఎలుకలకు చెప్పి పెడతామా?

కోతలయ్యాక, ఎలుకలు పట్టే ఏసుపాదం భార్య రూతు ఏటా చేసినట్టే కన్నాలు తవ్వింది. ఎలుకలు దాచిన వడ్లు తీసుకెళ్లి, దంచి వండుకు తింది. తెనాలి ఆసుపత్రికి చేరేలోపే పోయింది.

"మందుందని ఒక్క మాట చెప్తే సరిపోయేదిగా అయ్యగారూ," అన్నాడు ఏసుపాదం.

"ఆవిడ నన్నడిగిందా?" అన్నాను.

"బోర్డుందిగదండి. రూతుకి చదువొచ్చు. అది చదివాకే తవ్వింది."

గట్టు మీద మీరు పాతించిన బోర్డే. 'ఇక్కడ విషం వాడరాదు' అని ఉంది.

మీ రిపోర్టులో రూతు ఊసు వద్దు. ఆవిడ పురుగూ కాదు, ఎలుకా కాదు. బుధవారం వచ్చేటప్పుడు మాత్రం పెయింటర్ని వెంటబెట్టుకు రండి. 'ఇక్కడ' తీసేసి 'నీళ్లలో' అని రాయించండి. గట్టు మీద ఎలుకలింకా ఉన్నాయి.

ఇట్లు,
గుంట ఆసామి