ఈల విని పరుగెత్తిన రోజు

పుంగనూరు రోడ్డు,
16 జూలై 2025, బుధవారం.

చిరంజీవి మునిలక్ష్మికి మీ నాయన చెంగల్రాయుడు దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మ, నేను, గొర్రెలు క్షేమం. మీ అన్న లోకేష్ కూడా క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకోవద్దు. లోకేష్ ఫోన్ పోలీసులు తీసుకున్నారు. నాదీ అడుగుతారేమోనని భయం. ఇది చదివి చించెయ్యి.

లైసెన్సు లేని నువ్వు బండి నడపడమేమిటి, స్నేహితుడు అరుణ్‌ని అడిగి తెచ్చిన కొత్త బండిని మీ అన్న నీ చేతికివ్వడమేమిటి? కుప్పంలో నర్సు ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో ఇద్దరికీ కళ్లు నెత్తికెక్కాయి. మలుపులో మందతో పోతున్న సుబ్బయ్యను గుద్దేశారు. వెంటనే నీ తల మీది హెల్మెట్ తీసి తాను పెట్టుకుని, నిన్ను ఆటో ఎక్కించి పంపేశాడట మీ అన్న. ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు. చెప్పొద్దని మీ అమ్మ అంటోంది. చెప్పకపోతే నాకు తిండి దిగడం లేదు.

సుబ్బయ్య తమ్ముడు ఉమాపతి ఈల వేశాడు. ఆ ఈల వింటే గొర్రెల కాపర్లం ఎవరమూ ఆగం కదా. మందను తొక్కినవాడు ఎవడైనా సరే, ముందు కింద పడేసి కొడతాం, తర్వాతే ఎవరని అడుగుతాం. మా తాతల నాటి నుంచీ అంతే. నేను గుట్ట మీద మేపుతున్నవాణ్ణి కర్ర పట్టుకుని పరుగెత్తాను.

నేను చేరేసరికి హెల్మెట్ మనిషి దుమ్ములో ముడుచుకుని ఉన్నాడు. అందరూ తంతున్నారు. బండీ కొత్తది, మనిషీ తెలియలేదు. నేనూ కొట్టాను. నా దెబ్బ మోకాలి కింద పడింది. ఎముక విరగడం నా చేతికి తెలిసింది. ఉమాపతి హెల్మెట్ పీకి రాయి ఎత్తాడు. ముఖమంతా నెత్తురు, ముందు పళ్లు ఊడిపోయాయి. నేనే నడిపినాను, కొట్టొద్దు నాయనా అని అన్నాక గానీ వాడి గొంతు గుర్తుపట్టలేదు. మీద పడి కప్పుకున్నాను. రాయి నా వీపున పడింది.

ఇప్పుడు వాడు మదనపల్లె ఆసుపత్రిలో, కాలికి కట్టు, మంచం పక్కన పోలీసు. నిజం చెబుతానంటే నా చెయ్యి పట్టుకుని, వద్దు నాయనా, నాకు గొర్రెలుండాయి, దానికి ఆ ఉద్యోగం తప్ప ఏముండాది అన్నాడు. నువ్వు చేరబోయే ఆసుపత్రి మేనేజరు రామచంద్రకు ఎవరి సంగతో అన్నట్టు ఫోన్ చేసి అడిగాను. పోలీసుల సర్టిఫికెట్ సూడకుండా ఎవుర్నీ తీసుకోమప్పా, మనిషిని గుద్ది పారిపోయినోళ్లయితే లోపలికే రానియ్యం అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

సుబ్బయ్యకు ఫరవాలేదు. నిన్న గంజి తాగాడట. కేసు తేలికైపోతుంది. నువ్వు సోమవారం ధైర్యంగా డ్యూటీలో చేరు.

ఇట్లు,
మీ నాయన
చెంగల్రాయుడు

తా.క. మీ అమ్మ పక్కన కూర్చుని పైదంతా చదివించుకుంది. ఇప్పుడు గొర్రెలకు నీళ్లు పెట్టడానికి పోయింది. తల్లీ, సుబ్బయ్య గంజి తాగలేదు, మీ అమ్మ వింటుందనే అలా రాశాను. ఆయన కళ్లే తెరవలేదు. ఈ తెల్లవారుజామున పోయాడని ఉమాపతి ఫోన్ చేసి ఏడ్చాడు. తొడ తెగి నెత్తురంతా పోయిందట, ఎవరైనా గుడ్డ పెట్టి గట్టిగా అదిమి ఉంటే బతికేవాడని డాక్టరు చెప్పాడట. ఆ పని తెలిసిన నిన్ను మీ అన్న ఆటో ఎక్కించాడు. మేమంతా, సొంత తమ్ముడితో సహా, ఆయనను రోడ్డు మీద వదిలేసి మీ అన్నను కొడుతున్నాం. ఒక్కడూ ఆయన వైపు వంగలేదు.

నా కొడుకు కాలు నేనే విరగ్గొట్టాను. వాడి మీద చావు కేసు కూడా పడితే నేను బతకలేను. ఆ ఉద్యోగం నీకెంతో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. సోమవారం డ్యూటీకి పోవద్దు. బస్సెక్కి పుంగనూరులో దిగు. స్టేషన్ దగ్గర ఉంటాను. బండి నడిపింది నువ్వని నువ్వు చెప్పు, కొట్టినవాళ్లలో నేనున్నానని నేను చెబుతాను. ఉమాపతి వాళ్లు నీ మీదికి వస్తే ముందు నన్ను దాటాలి.